పైన ఉన్నదే ఇవాళ్టిది

ముకల్లా,
సెప్టెంబరు 24.

తమ్ముడు థానీకి, అక్క మూజా సలాం చెప్పి రాసేది.

డీజిలు పీపాలతో రేపు మీ దీవికి బయలుదేరే పడవలో నీకొక లాప్‌టాప్ పంపుతున్నాను. బియ్యం బస్తాల మధ్య, నా పాత శాలువాలో చుట్టి పెట్టించాను. శాలువా జాగ్రత్త, అది నాకు తిరిగి కావాలి. ఈ కాగితం దాని మడతల్లోనే ఉంటుంది. ఇకమీద మన ఉత్తరాలన్నీ ఆ పెట్టెలోంచే.

జాలర్ల సంఘం గదిలో నువ్వు పడుతున్న అవస్థ మీ బావ చెప్పారు. చీకటితోనే వెళ్ళి ఆ పాత కంప్యూటరు ముందు కూర్చుంటావట. మెయిల్ పేజీ తెరుచుకోకుండా గుండ్రంగా తిరుగుతూ ఉంటుందట. నువ్వు నమాజు చేసుకుని, టీ తాగి, మా మరదలితో ఒక తగువు పెట్టుకుని వచ్చినా అది ఇంకా తిరుగుతూనే ఉంటుందట. ఇక్కడ రేవు ఆఫీసులో వాతావరణం గదిలో కూర్చుని, ఓడలకు పంపే గాలి కబురును మీ కోసం విడిగా టైపు చేసేది నేను. అది మీకు అందేసరికి పొద్దెక్కిపోతే ఇక నేను రాసి ఏం లాభం?

ఇందులో పెట్టించిన ప్రోగ్రాం తీరు వేరు. ఉత్తరాలు ఎక్కడో దూరాన ఉండవు, నీ పెట్టెలోనే ఉంటాయి. మీ ఊరి ఫోను టవరు కాసేపు పలికితే చాలు, వచ్చినవన్నీ గుటుక్కున మింగి దాచుకుంటుంది. ఆ తరువాత సిగ్నల్ ఉన్నా లేకపోయినా నువ్వు నొక్కగానే తెరుచుకుంటుంది. నువ్వు రాసేవీ అంతే. సిగ్నల్ లేకపోతే లోపలే కూర్చుంటాయి, టవరు లేవగానే వాటంతటవే వెళ్ళిపోతాయి. నువ్వు కాపలా కాయక్కర్లేదు. మా ఆఫీసులో దీన్ని మొదటిసారి చూసినప్పుడే అనుకున్నాను, ఇది ఉండాల్సింది ఖలన్సియాలో అని.

మీ బావ పెనుగాలుల కాలమంతా ఇక్కడ నా దగ్గర కూర్చుని గోడల వంక చూశారు. సముద్రం తెరిచిందని కబురు రాగానే, నేను ఆఫీసు నుంచి వచ్చేలోపు సంచీ సర్దుకున్నారు. నేను కొన్న నీలం చొక్కా మాత్రం మరిచిపోకుండా తొడుక్కున్నారు. పెళ్ళయిన నాటి నుంచీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఆయన్ని ఆ సముద్రానికి అప్పజెప్పి నేను ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నాను. గాలి కబురు మీ అందరి కోసం రాస్తున్నానని చెబుతాను గాని, నిజానికి ఒక్క పడవ కోసమే రాస్తాను. ఈ ముక్క మీ బావకు చదివి వినిపించకు.

నీ అక్క,
మూజా

*

ఖలన్సియా,
అక్టోబరు 3.

అక్కా,

నీ పెట్టె చేరింది. శాలువా కూడా చేరింది గాని అది మా ఆవిడ కంటపడింది, కాబట్టి దాని మీద ఆశ వదులుకో.

ఇక్కడి పద్ధతి నీకు తెలుసు. తెల్లారకముందే మగాళ్ళంతా సంఘం గది మెట్ల మీద చేరతారు. నేను లోపల. ‘తెరుచుకుందా?’ అని బయట నుంచి ఎవడో ఒకడు అరుస్తాడు. నేను ‘లేదు’ అంటే ఎవరూ పడవ తాడు ముట్టుకోరు. నీ కబురు మంచిదైతే వెళ్ళడం, చెడ్డదైతే మానడం, అసలు పేజీయే తెరుచుకోకపోతే చెడ్డ కబురు వచ్చినట్టే లెక్క. ఇన్నేళ్ళూ ఈ కట్టుబాటు ఎవరూ దాటలేదు. ఆ మాట ఊళ్ళో ఎంతగా పాకిందంటే, మొన్న ఒక పెళ్ళి సంబంధం ఏమైందని అడిగితే ఆమెర్ తాత, ‘పేజీ తెరుచుకోలేదురా’ అన్నాడు.

మొదటి రోజు నీ పెట్టె ఏం చేసిందో విను. నేను ఇంకా చెప్పులు విప్పుతూనే ఉన్నాను.

“తెరుచుకుందా?” అని బావ అరిచాడు.

“తెరుచుకుంది.”

“నాతో పరాచికాలా? నువ్వింకా కూర్చోనే లేదు.”

“నువ్వే వచ్చి చూడు బావా.”

అందరూ లోపలికి తోసుకొచ్చారు. మూసి చూపించాను, తెరిచి చూపించాను. ఒకడు బయటికెళ్ళి టవరు వైపు చూసి, దాని దీపం ఆరిపోయే ఉందని చెప్పాడు. అయినా నీ ఉత్తరం అద్దంలా కనబడుతోంది. రాత్రెప్పుడో టవరు ఒక్కసారి కన్ను తెరిచినప్పుడు పట్టేసిందన్నమాట. అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు.

ఆమెర్ తాత ఒక్కడే గుమ్మం దగ్గర నిలబడిపోయాడు.

“ఎప్పుడు నొక్కినా తెరుచుకుంటుందా?” అన్నాడు.

“ఎప్పుడైనా సరే తాతా.”

“సిగ్నల్ లేకపోయినా?”

“లేకపోయినా.”

“మరి వద్దని ఎప్పుడు చెబుతుందిరా ఇది?”

“గాలి బాగోకపోతే అక్క రాస్తుంది కదా.”

“నేనడిగింది మీ అక్క సంగతి కాదు” అన్నాడు.

ముసలాయన గొణుగుడు నీకు తెలిసిందే కదా. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు పడవలన్నీ పొద్దు పొడవకముందే నీళ్ళలో ఉన్నాయి. వంజరాలు ఎంత పడ్డాయంటే ఐసు చాలక సగం ఉప్పులో వేశాం. నీ పేరు చెప్పుకుని ఊరంతా అన్నం తిన్నది.

తమ్ముడు,
థానీ

*

ముకల్లా,
అక్టోబరు 9.

థానీ,

నీ ఉత్తరం చదివి మా గదిలో వాళ్ళకు వినిపించాను. ఆమెర్ తాత మాటకు పగలబడి నవ్వారు. ఆయనకు నా సలాం చెప్పు. పెట్టె మీద కోపమున్నా పరవాలేదు గాని నా మీద వద్దని చెప్పు.

రేపటి గాలి కబురు కింద వేరే పెట్టాను, అంకెలతో సహా. చివరన మీ బావకు ఒక మాట కలిపాను. అది అందరి ముందూ గట్టిగా చదువు. భోజనం వేళకు భోజనం చెయ్యకుండా, వరసగా టీ తాగి కడుపు పాడుచేసుకుంటున్నారని మా మరదలు ఫోనులో చెప్పింది. ఆయన దాచిపెట్టినవి నాకు తెలుస్తూనే ఉంటాయని కూడా చెప్పు.

మూజా

*

ఖలన్సియా,
అక్టోబరు 17.

అక్కా,

నీకొక మనవి. ఆ అంకెలు మానెయ్. గాలి ఇన్ని నాట్లు, అల ఇన్ని మీటర్లు, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని నేను మెట్ల మీద నిలబడి చదువుతుంటే వీళ్ళు ఆవులిస్తున్నారు. ‘మీ అక్క మనతో మాట్లాడుతోందా, ఓడ కప్తానుతో మాట్లాడుతోందా?’ అని అడుగుతున్నారు. ఎదురుగా కూర్చుని చెప్పినట్టు రాయి. వెళ్ళొచ్చు, వెళ్ళకూడదు, మధ్యాహ్నానికల్లా వచ్చెయ్యాలి. అంతే చాలు. తేదీలు కూడా వద్దు. వచ్చినవి వచ్చినట్టు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కదా. పైన ఉన్నదే ఇవాళ్టిది. అది ఇప్పుడు మా అందరికీ తెలుసు.

బావకు పెట్టే చివాట్లు మాత్రం మానకు. సగం మంది వాటి కోసమే వస్తున్నారు. గాలి సంగతి చదువుతుంటే ‘సరేలే, అసలు సంగతికి రా’ అంటున్నారు. బావ పైకి విసుక్కుంటాడు గాని, ఒకరోజు నువ్వు చివర ఏమీ రాయకపోతే, ‘ఇంకేం లేదా? కింద చూడు, ఇంకా కిందికి చూడు’ అని నా భుజం మీద వాలిపోయాడు.

నీ చెవిన ఇంకొకటి వెయ్యాలి. నీలం చొక్కా ఉంది చూశావా, దాంతోనే సముద్రంలోకి వెళ్తున్నాడు. చేప పొలుసులన్నీ దానికే అంటుకుంటున్నాయి. నేను చెప్పానని చెప్పకు.

ఆమెర్ తాత మెట్ల దగ్గరికి రావడం మానేశాడు. ఒకరోజు తగువైంది. టవరు దీపం లేని రోజు వెళ్ళొద్దని ఆయన, నిన్నటి నుంచీ కబురు మంచిదే కదా అని మావాళ్ళు. ఆ రోజు వెళ్ళారు, పడవల నిండా చేపతో వచ్చారు. ఆయన ఇంటి ముందు నుంచే కావాలని చేపలు మోసుకెళ్ళారు. అది బాగాలేదు, నాకూ తెలుసు. తరువాత వెళ్ళి మంచి చేసుకుంటాను.

థానీ

*

ముకల్లా,
అక్టోబరు 29, బుధవారం.

తమ్ముడూ,

నువ్వడిగినట్టే అంకెలూ తేదీలూ లేకుండా రాస్తున్నాను, పెట్టె తనంతట పక్కన చిన్నగా వేసుకునే తేదీ చాలు. రేపు గాలి లేదు. సముద్రం నున్నగా ఉంటుంది. సమ్హా దీవి దాకా భయం లేకుండా వెళ్ళొచ్చు, సాయంత్రం నింపాదిగా రావచ్చు.

మీ బావతో చెప్పు: ఆ నీలం చొక్కా తొడుక్కుని సముద్రంలోకి వెళ్ళొద్దని. ముకల్లా బజారంతా తిరిగి కొన్నది నా కళ్ళకు చూపించడానికి, చేపలకు చూపించడానికి కాదు. విప్పకపోతే నేనే వచ్చి విప్పిస్తానని చెప్పు.

మూజా

*

ఖలన్సియా,
అక్టోబరు 30, గురువారం.

అక్కా,

చదివాను. మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. ‘విప్పు బఖీత్, విప్పు’ అని ఒకటే గోల. బావ చెవులు కందగడ్డలైపోయాయి. లేచి, అందరి ముందూ చొక్కా విప్పి, లోపలికొచ్చి నా కుర్చీ వెనక మేకుకు తగిలించాడు. ‘విప్పేశానని రాసెయ్. వచ్చి విప్పించే శ్రమ పెట్టుకోవద్దని రాసెయ్’ అన్నాడు. పాత బనీను మీదే పడవెక్కాడు. నువ్వన్నట్టే సముద్రం నున్నగా ఉంది.

టవరు కాపలావాడు డీజిలు అడుగంటిందంటున్నాడు. పడవ వస్తేనే మళ్ళీ. నా జవాబు రాకపోతే నువ్వు కాలుగాలిన పిల్లిలా తిరగకు, అది పెట్టెలో భద్రంగా కూర్చుని ఉంటుంది. రేపు శుక్రవారం. ఎవరూ సముద్రంలోకి వెళ్ళరు, నేను గది తెరవను. మళ్ళీ శనివారమే.

థానీ

*

ముకల్లా,
అక్టోబరు 30, గురువారం సాయంత్రం.

థానీ,

నిన్న రాసిన మాట మారింది. తూర్పున వాయుగుండం పుట్టింది. మీ వైపే నడుస్తోంది, అదీ తొందరగా. శనివారం ఎవరూ వెళ్ళొద్దు. పడవల్ని నీళ్ళలో కట్టి ఉంచొద్దు, ఇసుక మీదికి లాగేయించు. మోటార్లు విప్పి ఇళ్ళల్లో పెట్టించు.

మీ బావతో చెప్పు: చొక్కా మళ్ళీ తొడుక్కుని ఇంట్లో కూర్చోమని. ఇప్పుడు ఏ అభ్యంతరమూ లేదని.

చదవగానే ఒక్క ముక్క రాయి.

మూజా

*

ముకల్లా,
అక్టోబరు 31, శుక్రవారం.

థానీ,

నీ నుంచి జవాబు లేదు. కంగారుపడవద్దన్నావు. పడకుండా ఉండడం నా వల్ల కావడం లేదు.

నిన్నటి ఉత్తరం ‘వెళ్ళింది’ అని నా దగ్గర చూపిస్తోంది. ఎంతవరకు వెళ్ళిందో చూపించదు. నీకు ఫోను చేస్తే మోగదు. దీవికి అవతలి వైపు హదీబోలో ఉన్న మన పినతండ్రి కొడుకు ఈసా దుకాణానికి చేశాను. అక్కడ టవరు ఉంది గాని ఇవాళ దుకాణం మూసి ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉన్నాను.

మా గదిలో గోడ మీది పటంలో ఆ తుపాను గుర్తును మా వాళ్ళు పూట పూటకూ జరుపుతున్నారు. అది ఇప్పుడు తుపానే. నేను ఆ గోడ వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాను.

ఇవాళ ఒక్కదాన్నే కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. కొత్త ఉత్తరం రాలేదని ఆ పెట్టె నీకు ఎలా చెబుతుంది? చెప్పదు. పాతదాన్నే చక్కగా, చటుక్కున తెరిచి చూపిస్తుంది. ఆమెర్ తాత గుమ్మంలో నిలబడి అడిగింది అదే. ఆ మాటకు నేను మా గదిలో అందరినీ నవ్వించాను.

పైన ఉన్నది ఏ రోజుదో చూడు. పక్కన చిన్న అంకెల్లో తేదీ ఉంటుంది, ఒక్కసారి చూడు. తేదీలు వద్దని నువ్వంటే సరేనన్నాను చూడు, ఆ పొరపాటు నాది. రేపు గది తెరిచినప్పుడు పైన చొక్కా ఉత్తరమే ఉంటే అది బుధవారం నాటిది. అది చదవకు. ఎవరినీ వెళ్ళనివ్వకు.

ఈ ఉత్తరం నీకు అందిందంటే టవరు లేచినట్టే, ముందుది కూడా అంది ఉంటుంది. అందకపోతే ఇది రాసినందువల్ల ప్రయోజనం లేదు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

మూజా

*

ఖలన్సియా,
నవంబరు 1, శనివారం పొద్దున.

అక్కా,

గది తెరిచాను, ఎప్పట్లాగే రెప్పవేసే లోపల తెరుచుకుంది. గాలి లేదన్నావు, సమ్హా దాకా భయం లేదన్నావు. రోజూ ఉండే మాటలే కదా, గబగబా చదివి వినిపించాను. ఏడు పడవలు వెళ్ళాయి. శుక్రవారం ఇంట్లో కూర్చున్న ఉబలాటం కదా, ఇవాళ ఒకరిని మించి ఒకరు తొందరపడ్డారు.

ఒక్క ఫిర్యాదు. ఇవాళ కూడా చొక్కా గురించే, ఇంచుమించు అవే మాటల్లో రాశావు. నీ దగ్గర చివాట్లు అయిపోయినట్టున్నాయి. నవ్వు కూడా మొన్నటంత రాలేదు. రేపటికి కొత్తది ఏదైనా ఆలోచించి పెట్టు.

ఇక్కడ అలలు బారుగా, పొడుగ్గా, ఎక్కడి నుంచో నడిచొస్తున్నట్టు వస్తున్నాయి. గాలి మాత్రం ఆకు కదిలేంత కూడా లేదు. నువ్వన్నట్టే ఉంది. మేకలు కొండ దిగి ఇళ్ళ గోడల పక్కకు చేరాయి, ఈ ఎండలో వాటికేం పుట్టిందో తెలియదు.

టవరు ఇంకా పడుకునే ఉంది. అది లేచినప్పుడు ఈ ఉత్తరం నీ దగ్గరికి వస్తుంది.

థానీ

*

ముకల్లా,
నవంబరు 1, శనివారం.

థానీ,

పొద్దున ఈసా దొరికాడు. సంగతి చెప్పాను. బండి తీస్తున్నానన్నాడు గాని గొంతులో కంగారు లేదు. “ఎందుకక్కా అంత భయం? టవరు లేనప్పుడు మీ ఖలన్సియా వాళ్ళు తాడు ముట్టుకోరు కదా. పేజీ తెరుచుకోకపోతే ఎవరూ పోరు. దీవి మొత్తానికి తెలిసిన సంగతే” అన్నాడు.

 ఇప్పుడు తెరుచుకుంటుందని వాడికి తెలియదు.

బయలుదేరమని అరిచాను. ‘వెళ్తున్నా, వెళ్తున్నా’ అన్నాడు. తరువాత హదీబో ఫోను కూడా మోగడం లేదు.

వెళ్ళొద్దు. వెళ్ళనివ్వొద్దు. మీ బావను చెయ్యి పట్టుకుని ఆపు.

మూజా

*

ఖలన్సియా,
నవంబరు 6.

అక్కకు,

తుపాను వచ్చి వెళ్ళింది. టవరుకు నిన్న డీజిలు పోశారు, నీ ఉత్తరాలన్నీ అందాయి. నావి కూడా నీకు వచ్చి ఉంటాయి.

మా ఇంటి కప్పు సగం పోయింది. మా ఆవిడా పిల్లలూ మసీదులో తలదాచుకున్నారు, బాగానే ఉన్నారు. వాగు పక్కన ఉన్న ఖర్జూరపు చెట్లు ఒక్కటీ మిగల్లేదు. మేకలు చాలా పోయాయి. ఒడ్డంతా మేకలే. వాటిని పూడ్చడానికి రెండు రోజులు పట్టింది. నీళ్ళ బావుల్లోకి ఉప్పునీరు వచ్చింది. హదీబో నుంచి తాగే నీళ్ళు పడవలో తెస్తున్నారు. ఈసా ఇక్కడే ఉండిపోయాడు, దారి తెగింది. ఆమెర్ తాత ఇల్లు రాతి గోడ గనుక నిలబడింది, ఆయన ఇంట్లో ఇప్పుడు నాలుగు కుటుంబాలు ఉన్నాయి.

సంఘం గదికి ఏమీ కాలేదు. పెట్టెకు కూడా ఏమీ కాలేదు.

కొన్ని పడవలు వచ్చాయి.

థానీ

*

ముకల్లా,
నవంబరు 6.

థానీ,

ఖర్జూరపు చెట్ల గురించి రాశావు. మేకల గురించి అన్ని ముక్కలు రాశావు. బావుల గురించి, ఆమెర్ తాత గోడ గురించి రాశావు. మీ బావ గురించి ఒక్క ముక్క రాయలేదు.

నీ శనివారం ఉత్తరం నాకు నిన్న వచ్చింది. చొక్కా గురించి మళ్ళీ రాశానన్నావు. నేను రాయలేదు. అది ఎక్కడిదో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఏం జరిగిందో రాయి. మెల్లగా చెప్పాలని చూడకు. నేను చిన్నపిల్లను కాదు, నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకున్నదాన్ని.

మూజా

*

ఖలన్సియా,
నవంబరు 7.

అక్కా,

రాస్తున్నాను.

ఈసా బండి వచ్చేసరికి పడవలు కనుచూపు దాటాయి. దారిలో టైరు పేలి ఆగిపోయాడట. నన్ను చూడగానే, “హమ్మయ్య, ఎవరూ పోలేదు కదా? తుపాను వస్తోందని అక్క చెప్పింది” అన్నాడు.  పరుగెత్తి పెట్టె తెరిచాను. తెరుచుకుంది. చిన్న అంకెలు అప్పుడు చూశాను. బుధవారం.

రెండు పడవలకు మోటారు ఇబ్బంది వచ్చి మధ్యలోనే వెనక్కి తిరిగాయి, వాటిలో వాళ్ళు బతికారు. మూడు పడవల వాళ్ళు సమ్హా ఎక్కి గుహలో దాక్కున్నారు. మొన్న వాళ్ళను తీసుకొచ్చాం. మిగిలిన రెండూ రాలేదు, వాటిలో ఒకటి బావది. బావ ఆ మూడు పడవలకంటే ముందున్నాడట. గాలి లేచినప్పుడు వెనక్కి తిరగమని చేతులూపాడట, వీళ్ళు ఆయన్ని చూసే సమ్హా వైపు తిరిగారట. తరువాత వాన కమ్మేసింది, ఆయన ఎవరికీ కనబడలేదు. పడవ ముక్క దొరికింది. పేరు రాసి ఉన్న వైపే దొరికింది, కాబట్టి అనుమానం లేదు. మనిషి దొరకలేదు. రోజూ వెతుకుతున్నారు.

ఇంకొకటి ఉంది. ఇది నీకు చెప్పకుండా ఉండిపోదామనుకున్నాను. నిన్న నీ ఉత్తరం చూశాక ఉండలేను.

శనివారం పొద్దున నేను నీ ఉత్తరం చదువుతున్నాను. చివరికొచ్చి చొక్కా మాట చదవగానే ఒకరిద్దరు నవ్వారు. బావ నవ్వలేదు.

“మొన్ననే విప్పేశాను కదా. మళ్ళీ ఎందుకు రాసింది?” అన్నాడు.

“నీ మీద నమ్మకం లేక” అన్నాను.

“కాదురా థానీ. విప్పేశానని నువ్వు రాశావు కదా? రాసినా మళ్ళీ అదే అంటుందా? మీ అక్క అన్న మాట రెండోసారి అనదు.”

“నీ పెళ్ళాం తిట్లు కూడా లెక్క పెట్టుకుంటావా బావా?” అన్నాను. అప్పుడు అందరూ గట్టిగా నవ్వారు. అంతకుముందు నవ్వనివాళ్ళు కూడా నవ్వారు. బావ ఇంకేదో అడగబోయాడు. లోపలికి తొంగిచూసి, మేకు మీద చొక్కా ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. తలూపి వెళ్ళిపోయాడు.

నేను ఆ ఒక్క పరాచికం ఆడకపోతే ఆయన నా భుజం మీదికి వంగి ఇంకోసారి చదవమనేవాడు. చదవమంటే తేదీ కనబడేది. ఏడు పడవలూ ఒడ్డునే ఉండేవి. ఇది ఇప్పుడు ఊళ్ళో ఎవరూ నాతో అనరు. ఆ రోజు నవ్వినవాళ్ళు కూడా అనరు. వాళ్ళు అనకపోవడమే నేను భరించలేకపోతున్నాను.

టవరు లేచినప్పుడు నీ ఉత్తరాలన్నీ ఒక్కసారే దిగాయి. ఎంత వేగమో నీకు చెప్పలేను. నేను కుర్చీ జరుపుకునే లోపలే ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వెళ్ళనివ్వొద్దని, తేదీ చూడమని, చొక్కా తొడుక్కుని ఇంట్లో కూర్చోమని. నా వెనక మేకు మీద అది అలాగే ఉంది. నేను వెనక్కి తిరగలేదు.

నన్ను ఏమైనా అను అక్కా. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

థానీ

*

ముకల్లా,
నవంబరు 8.

థానీ,

నీ మీద కోపం వచ్చింది. నువ్వు ఎదురుగా ఉంటే కొట్టేదాన్ని. ఆ కోపం పోలేదు, ఎప్పుడు పోతుందో చెప్పలేను. కానీ పెట్టె పంపింది నేను. దాన్ని గురించి ఊదరగొట్టింది నేను. నువ్వు తేదీలు వద్దంటే నవ్వుతూ తీసేసింది నేను. నిన్ను ఎంత తిట్టినా అందులో సగం నా చెంపకే తగులుతుంది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ ఒక్క మాటే నా చెవుల్లో తిరుగుతోంది. మెట్ల మీద ఉన్నవాళ్ళంతా గాలి కబురు విన్నారు. ఆయనొక్కరే నన్ను విన్నారు. అన్న మాట రెండోసారి అననని ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళూ నేను అరుస్తుంటే తల వంచుకుని చేప ముళ్ళు తీసుకునేవారు, ఒక్క ముక్కయినా చెవికెక్కుతోందా అని ఏడ్చేదాన్ని. అన్నీ ఎక్కాయన్నమాట. ఏడుద్దామంటే కన్నీళ్ళు రావడం లేదు.

ఇక చెప్పినట్టు చెయ్యి. ఆ పాత కంప్యూటరు మళ్ళీ బల్ల మీద పెట్టు. పొద్దున్నే దాని ముందే కూర్చో. పేజీ తెరుచుకోని రోజు ఎవరూ తాడు ముట్టుకోవద్దు. అది ఎంతసేపు తిరిగితే అంతసేపు తిరగనివ్వు. ఆమెర్ తాత ఇంటికి వెళ్ళు, కాళ్ళు పట్టుకుంటావో ఏం చేస్తావో, ఆయన్ని తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టు. నేను పంపిన పెట్టె మూసెయ్. నాకు ఇచ్చెయ్, అందులో ఆయన వినగా నువ్వు చదివిన ఉత్తరాలున్నాయి.

వెతకడం ఆపనివ్వకు.

రేపటి డీజిలు పడవలో నేను వస్తున్నాను. ఇది ముందు చేరుతుందో, నేనే ముందు చేరతానో తెలియదు. ఆ చొక్కాను మేకు మీంచి తియ్యొద్దు. పొలుసులు ఉన్నా సరే, ఉతకొద్దు.

అక్క,
మూజా